లాక్‌డౌన్‌లో ప్లే స్కూలు ఫీజు దేనికి తీసుకున్నాం?

లాక్‌డౌన్ కాలంలో ప్లే స్కూళ్లు ఆన్‌లైన్ తరగతుల పేరుతో ఫీజులు తీసుకోవడం న్యాయమేనా అని అడిగారు. విజయనగరంలో అయ్యకోనేరుకు దగ్గరలో, ఒక అద్దె ఇంటి కింది వాటాలో అటువంటి చిన్న బడిని నడిపినదానిగా చెబుతున్నాను: ఫీజు తీసుకోవడం న్యాయమే, అయితే ఆన్‌లైన్ తరగతి కోసమని చెప్పి తీసుకోవడం మాత్రం అన్యాయం.

2020 మార్చి 19 నుంచి రాష్ట్రంలో విద్యాసంస్థలు మూతపడ్డాయి. మే మొదటి వారం దాకా మా జిల్లాలో ఒక్క కేసూ నమోదు కాకపోవడంతో, రోగమే లేని ఊళ్లో బడి ఎందుకు మూశారని నిలదీసిన తల్లిదండ్రులే, జూన్ వచ్చేసరికి పక్క వీధి కాన్వెంటులో ఫోనులో రోజూ రెండు గంటలు చెబుతున్నారట, మీరెందుకు చెప్పరని పట్టుబట్టారు. ఆ జూలైలో కేంద్ర విద్యాశాఖ ఆన్‌లైన్ చదువులపై విడుదల చేసిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు పూర్వ ప్రాథమిక స్థాయికి రోజుకు 30 నిమిషాలు మించరాదనీ, అదీ తల్లిదండ్రులతో మాట్లాడటానికేననీ స్పష్టంగా చెప్పాయి. ఆ మాట వినిపించుకున్నవారు లేరు.

సరే, మొదలుపెట్టాను. తెర మీద చిన్న చిన్న గళ్లలో సగం సగం మొహాలు, ఒకచోట తిరుగుతున్న ఫ్యాను, ఇంకొకచోట ఎవరిదో చీరకొంగు. మామిడిపండు బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే, వెనుక నుంచి తల్లి గుసగుసగా అందించిన జవాబును పిల్ల గట్టిగా అప్పజెప్పేది. ఒకరోజు మూడున్నరేళ్ల బాబు బొమ్మ వంక కన్నెత్తి చూడకుండా, “ఆయమ్మేది?” అని పేచీ మొదలుపెట్టాడు. ఆమె నెల్లిమర్ల వైపు తన పల్లెలో ఉంది. ఆమెది బటన్ల ఫోను. ఇంట్లోని రెండో ఫోనుతో ఆమెకు చేసి, స్పీకరు పెట్టి, తరగతి నడుస్తున్న ఫోను పక్కన ఆనించాను. “ఏటి నాన్నా, బువ్వ తిన్నావా? చెయ్యి కడుక్కున్నావా?” అన్న ఆ గొంతు వినబడగానే, అప్పటిదాకా మంచాల మీద గెంతుతున్నవారు కూడా తెర దగ్గరకు వచ్చేశారు. ఆయమ్మకు కనబడదని తెలియని ఒక పాప రెండు అరచేతులూ తెరకు ఆనించి చూపించింది. ఆ తరువాత నా పాఠం విన్నవారు లేరు.

అప్పటి నుంచి తరగతి తగ్గించి, వారానికొకసారి ఆయమ్మ చేత ఒక్కొక్క పిల్లతో విడివిడిగా మాట్లాడించాను. సగం ఫీజు అడిగాను. వచ్చిన దాంట్లో మొదట ఆయమ్మ జీతం, తరువాతే అద్దె. ఇంటి యజమాని ఒక్క నెల కూడా తగ్గించలేదు సరికదా, ఖాళీగా ఉన్న వాటాకు నీళ్ల ఖర్చు వేరే అడిగారు. రిజర్వు బ్యాంకు బ్యాంకు అప్పుల వాయిదాలను ఆగస్టు నెలాఖరు దాకా ఆపుకోవచ్చన్నది గాని, మాలాంటివారు తెచ్చుకునేది చేబదులు కదా! అంగన్‌వాడీల ద్వారా గుడ్లు, పాలు ఇళ్లకు చేరాయి, సంతోషమే. తెలంగాణలో 2021 ఏప్రిల్‌లో గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల సిబ్బందికి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. అటు అంగన్‌వాడీ, ఇటు గుర్తింపు పొందిన బడి, ఏదీ కాని మా వంటివారి లెక్క ఎవరి దస్త్రంలోనూ లేదు.

2021 ఫిబ్రవరి 1న ఒకటి నుంచి ఐదు తరగతులు తెరుచుకున్నప్పుడు, మా బడి పిల్లలను కూడా పిలవమని కొందరు తొందరపెట్టారు. అయిదేళ్లలోపు పిల్లలకు మాస్కు తప్పనిసరి చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. దూరం పాటించమంటే ఆ వయసువారు పాటిస్తారా? నేను తెరవలేదు. ఏప్రిల్‌లో రెండో ఉధృతికి పెద్ద బడులు కూడా మళ్లీ మూతపడ్డాయి. ఆ నెలల్లోనూ సగం ఫీజే అడిగాను, ఇవ్వలేనివారిని అడగలేదు, ఇవ్వగలిగి ఎగ్గొట్టినవారి పిల్లలను తరువాత చేర్చుకోలేదు.