ఒక్క మనిషి ఇద్దరుగా కనిపిస్తే..

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. 12 ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. 4 రోజుల కిందట పొద్దున లేచేసరికి ఎదురుగా ఉన్న మనిషి పక్కపక్కనే ఇద్దరుగా కనిపించారట. కుడివైపు చూస్తే మరీ ఎక్కువ. కుడి కన్ను కాస్త ముక్కువైపు తిరిగినట్టుంది. కళ్లజోడు మార్పించినా తేడా లేదు. పక్షవాతమా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇది కళ్లజోడుతో పోయేది కాదమ్మా. ముందు ఆయన్ని గోడ గడియారం చూడమని, అరచేత్తో ఒకసారి ఒక కన్ను, ఇంకోసారి రెండో కన్ను మూయండి. ఏది మూసినా గడియారం ఒక్కటే కనిపిస్తే, రెండు కళ్లూ ఒకేచోట నిలవట్లేదని అర్థం. ఒక్క కంటితోనూ రెండుగానే ఉంటే శుక్లం లాంటిది కావచ్చు.

కంటిగుడ్డును తిప్పడానికి ఒక్కో కంటికి 6 కండరాలుంటాయి. కంటిని చెవివైపు లాగేది లేటరల్ రెక్టస్. దాన్ని నడిపేది ఆరో కపాల నరం, అంటే మెదడు నుంచి నేరుగా వచ్చే నరాల్లో ఆరోది. అది డీలాపడితే ముక్కువైపు లాగే కండరానికి ఎదురే ఉండదు, గుడ్డు అటే పోతుంది. టీవీ చూసేటప్పుడు నాన్నగారు ముఖం కుడివైపు తిప్పుకొంటున్నారేమో గమనించండి. నీరసించిన కండరంతో పని పడకుండా చాలామంది తెలియకుండానే అలా చూస్తారు.

షుగర్, బీపీ ఉన్నవారిలో ఆ నరానికి రక్తమిచ్చే సన్నటి నాళాలు మూసుకుపోవడం వల్లే ఎక్కువగా ఇలా అవుతుంది. చాలామందికి 3 నుంచి 6 నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. కానీ అదేనని ఇంట్లో కూర్చుని తేల్చకూడదు. రేపే కంటి డాక్టరుకు చూపించండి. కంటి వెనక నరం వాచిందేమో చూసి, అవసరమైతే ఎమ్మారై రాస్తారు. కణతలు నొప్పిగా ఉన్నా, నమిలేటప్పుడు దవడ నొప్పెట్టినా తప్పకుండా చెప్పండి.

రెప్ప వాలినా, కంటిపాప పెద్దదైనా, భరించలేని తలనొప్పి వచ్చినా, మాట తడబడినా, నడక తూలినా రేపటిదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తనాళం ఉబ్బడం, స్ట్రోక్ లాంటివి ఉండొచ్చు.

ఈలోగా కళ్లజోడులో ఒక అద్దానికి అవతలిది కనిపించని టేపు అంటిస్తే రెండుగా కనిపించదు. కంటి వ్యాయామాలతో ఈ నరం తొందరగా కోలుకోదు, వాటికి డబ్బు పెట్టకండి. 6 నెలలు దాటినా తేడా మిగిలితే రెండు బొమ్మల్ని ఒకచోటికి జరిపే ప్రిజం అద్దాలు, మెల్లకన్ను ఆపరేషన్ ఉన్నాయి. టేపు పెట్టుకున్నాక దూరం అంచనా తప్పుతుంది, మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోండి. బండి తాళాలు మాత్రం దాచేయండి.