తొలిసారి క్రూయిజ్ ఎక్కుతున్నారా? వాంతుల మాత్రతో పాటు ఇవీ ఆలోచించండి

ప్రశ్న: నా వయసు 61. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా, డాపాగ్లిఫ్లోజిన్ రోజుకొకటి, బీపీకి టెల్మిసార్టాన్, పడుకునే ముందు గ్లార్జిన్ ఇన్సులిన్ వాడుతున్నాను. మోకాళ్ల నొప్పి ఎక్కువైతే డైక్లోఫెనాక్ వేసుకుంటాను. మావారికి 67. మూడేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. ప్రోస్టేట్‌కు కూడా మందులు వాడుతున్నారు. సింగపూర్‌లో ఉన్న మా అబ్బాయి పెనాంగ్, ఫుకెట్ వెళ్లి వచ్చే నాలుగు రాత్రుల క్రూయిజ్ బుక్ చేస్తానంటున్నాడు. నాకు తిరుమల ఘాట్ రోడ్డులోనే వాంతులవుతాయి. ఓడలో నాలుగు రోజులు తట్టుకోగలనా? నడిసముద్రంలో ఏమైనా అయితే డాక్టరు ఉంటారా? అసలు మేం వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వెళ్లవచ్చు. మీవారు రెండంతస్తులు మెట్లెక్కినా ఛాతీలో నొప్పి, ఆయాసం రాకుండా ఉంటే, ఈమధ్య మందులు మార్చాల్సిన అవసరం పడకుండా ఉంటే మూడేళ్ల నాటి స్టెంట్ ఈ ప్రయాణానికి అడ్డు కాదు. కొత్తగా నొప్పి, ఆయాసం, కాళ్ల వాపు ఏది కనిపించినా టికెట్లు కొనకముందే కార్డియాలజిస్టును కలవండి. మీరు మాత్రం బయలుదేరడానికి నెల రోజుల ముందే మీ షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎందుకో కాసేపట్లో చెబుతాను. మీ ఉత్తరంలో వాంతుల గురించే ఎక్కువ భయం కనిపించింది. నాకు మాత్రం మీరు వాడుతున్న మందుల జాబితా చూస్తే ఎక్కువ కంగారుగా ఉంది.

ముందుగా ఆ వాంతుల సంగతే చూద్దాం. లోపలి చెవిలో మన సమతూకాన్ని చూసుకునే భాగం కదలికను పసిగడుతుంది. కళ్లేమో ఎదురుగా ఉన్న సీటునో గోడనో చూసి ఏమీ కదలడం లేదని చెబుతాయి. ఈ రెండు కబుర్లకూ పొంతన కుదరకపోతే మెదడు తికమకపడి వికారం మొదలవుతుంది. ఘాట్ రోడ్డులో వెంటవెంటనే వచ్చే మలుపులతో మీకు జరిగేది ఇదే. ఓడ ఊగే తీరు వేరు. దాని ఊపు నెమ్మదిగా, పెద్దగా ఉంటుంది. సుమారు ఐదు సెకన్లకొకసారి పైకీ కిందికీ లేచే కదలికే మనిషిని ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది కాబట్టి ఓడలో వికారం రాదని హామీ ఇవ్వలేను. అయితే మీకు కలిసొచ్చేవి రెండున్నాయి. సింగపూర్ నుంచి బయలుదేరే పెద్ద ఓడలు కొన్ని 300 మీటర్లకు పైగా పొడవుంటాయి. అడుగున రెక్కల్లాంటి స్టెబిలైజర్లు అటూ ఇటూ ఊగడాన్ని బాగా తగ్గిస్తాయి. పైగా దారిలో ఎక్కువ భాగం మలక్కా జలసంధి. సుమత్రాకూ మలయా ద్వీపకల్పానికీ నడుమ ఉన్న ఆ నీళ్లు చాలా రోజులు ప్రశాంతంగానే ఉంటాయి. ఫుకెట్ దగ్గర అండమాన్ సముద్రంలోకి వెళ్లాక, ముఖ్యంగా మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలుల కాలంలో, అలలు పెరుగుతాయి. తేదీలు ఇంకా మీ చేతిలోనే ఉంటే డిసెంబరు, మార్చి నెలల మధ్య చూసుకోండి.

గది ఎంచుకునేటప్పుడు ఒక మాట అబ్బాయికి చెప్పండి. పై అంతస్తులో బాల్కనీ గది ఇప్పించి అమ్మానాన్నలను సంతోషపెట్టాలని పిల్లలు అనుకుంటారు. ఊపు ఎక్కువగా తెలిసేది అక్కడే. ఓడ పొడవులో సరిగ్గా మధ్యన, కింది అంతస్తుల్లో గది తీసుకుంటే కదలిక బాగా తక్కువ. కిటికీ ఉంటే ఇంకా మంచిది. వికారంగా అనిపించగానే పైకి వచ్చి, గాలి తగిలే చోట నిలబడి, దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీతను చూడండి. ఫోనులో తలదూర్చకండి. కడుపు ఖాళీగా ఉంచుకోకండి, అలాగని నిండుగా తిననూ వద్దు. అల్లం కొందరికి పనిచేస్తుంది, ప్రయత్నించడంలో తప్పులేదు.

మాత్ర అంటారా, వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. ఓడ కదలడానికి గంట ముందే వేసుకోవాలి. మన దగ్గర బస్సు ప్రయాణాలకు అందరూ వాడే ప్రోమెథజిన్, సినారిజిన్, మెక్లిజిన్ అన్నీ మగత తెచ్చేవే. మీ వయసులో ఆ మగతలో బాత్రూముకు లేచి పడిపోవడం వాంతికంటే పెద్ద ప్రమాదం. క్రూయిజ్ గదుల్లో బాత్రూము గడప కాస్త ఎత్తుగా ఉంటుంది, తెలియక కాలు తగిలి పడేవాళ్లున్నారు. మీకు సరిపోయే మాత్ర ఏదో, ఎంత మోతాదో డాక్టరు చేత రాయించుకుని, ఇంట్లో ఉన్న ఒక రోజున వేసుకుని మగత ఎంత వస్తుందో చూసుకోండి. మీకు పనిచేసిందని అదే మాత్ర మీవారికి ఇవ్వకండి. మన ఇళ్లలో ఈ అలవాటు ఎక్కువ. ఈ రకం మందులు ప్రోస్టేట్ పెరిగినవాళ్లలో మూత్రం బిగబట్టేలా చేయగలవు. సెలవుకు వెళ్లి, ఓడలో కేథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేయించుకోవాల్సిన పరిస్థితి ఎవరికీ రాకూడదు. చెవి వెనక అంటించుకునే స్కోపోలమైన్ పట్టీకి కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా అసలు వాడకూడదు.

ఇక నన్ను కంగారుపెట్టిన విషయానికి వస్తాను. ఓడల్లో నోరోవైరస్ అనే క్రిమి వల్ల వాంతులు, విరేచనాలు ఒకరి నుంచి ఒకరికి వేగంగా పాకుతాయి. ఈ వైరస్ ఓడల సొత్తేమీ కాదు, దాని పేరు కూడా 1968లో అమెరికాలోని నార్వాక్ అనే ఊళ్లో ఒక బడిలో వ్యాపించినప్పటి నుంచి వచ్చింది. కానీ వేలమంది ఒకే చోట తింటూ, అవే గరిటెలు, అవే మెట్ల కమ్మీలు పట్టుకుంటూ ఉంటే దానికి అంతకంటే ఏం కావాలి? అతి కొద్ది వైరస్ కణాలు లోపలికి వెళ్లినా చాలు, 12 నుంచి 48 గంటల్లో జబ్బు మొదలవుతుంది. భోజనశాల వాకిట్లో పెట్టే శానిటైజర్ దీన్ని సరిగా చంపలేదు. సబ్బుతో, నీళ్లతో 20 సెకన్లు రుద్ది కడుక్కోవడమే మార్గం. బఫేలో గరిటె పట్టుకున్నాక కూడా చేతులు కడుక్కునే తినండి, ముఖ్యంగా మనలా చేత్తో తినేవాళ్లు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇది ఒకటి నుంచి మూడు రోజుల బాధ. మీకు అంతటితో ఆగకపోవచ్చు. ఒంట్లో నీరు తగ్గిపోయినప్పుడు మీరు రోజూ వేసుకునే మందులే ఎదురు తిరుగుతాయి. టెల్మిసార్టాన్, డైక్లోఫెనాక్, విరేచనాలు మూడూ కలిస్తే కిడ్నీలు దెబ్బతినగలవు. కిడ్నీ మందగిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుపోతుంది. తిండి తినకుండా గ్లిమిపిరైడ్ వేసుకుంటే షుగర్ పడిపోతుంది. అన్నిటికంటే మోసం చేసేది డాపాగ్లిఫ్లోజిన్. తిండి లేనప్పుడు, వాంతులవుతున్నప్పుడు అది రక్తంలో కీటోన్ ఆమ్లాలు పెరిగేలా చేయగలదు. ఆ సమయంలో గ్లూకోమీటరులో షుగర్ 200 లోపే కనిపించవచ్చు కూడా. అందుకే రోగి, ఒక్కోసారి డాక్టరు కూడా, ఏమీ లేదులే అనుకుంటారు. ఆగని వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి, విపరీతమైన నీరసం ఉంటే వెంటనే ఓడలోని వైద్యకేంద్రానికి వెళ్లి, మొదటి మాటగా మీరు డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నట్లు చెప్పండి. కీటోన్ పరీక్ష చేయమని అడగండి.

నెల ముందు డాక్టరును కలవమన్నది దీనికోసమే. ‘వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజు ఏ మందు ఆపాలి, ఏది ఆపకూడదు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి’ అని అడిగి కాగితం మీద రాయించుకోండి. సాధారణంగా మేం డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, నొప్పి మాత్రలను తాత్కాలికంగా ఆపమంటాం. తినలేకపోతే గ్లిమిపిరైడ్ కూడా వద్దంటాం. మామూలుగా తిని తాగడం మొదలైన ఒకటి రెండు రోజుల తర్వాత తిరిగి వేసుకోమంటాం. రాత్రి వేసుకునే గ్లార్జిన్‌ను మాత్రం మీ అంతట మీరు మానేయకూడదు. మోతాదు తగ్గించాలా అన్నది షుగర్ చూసి నిర్ణయించాలి. మీ కిడ్నీ పరీక్షల ఫలితాన్ని బట్టి మీ డాక్టరు ఇందులో మార్పులు చేయవచ్చు, వారి మాటే ప్రమాణం. మీవారు కూడా ఇది చదివి పెట్టుకోవాలి. స్టెంట్ కోసం వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి ఓడలో ఉన్నామని ఒక్క పూట కూడా తప్పించకూడదు. అవి వేసుకున్నా కడుపులో నిలవకపోతే అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

ఓఆర్ఎస్ పొట్లాలు ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. లీటరు నీళ్లలో కలిపే, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన పొట్లం అయి ఉండాలి. ఆ పేరు పెట్టుకుని అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి పానీయాలపై హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. షుగర్ ఉన్నవాళ్లు అసలైన ఓఆర్ఎస్ తాగడానికి భయపడనక్కర్లేదు. విరేచనాలప్పుడు అది అవసరమే. జబ్బు చేస్తే దాచిపెట్టకండి. లక్షణాలు తగ్గాక కూడా ఒకటి రెండు రోజులు గదిలోనే ఉండమంటారు, సెలవు పాడవుతుందని బాధ కలుగుతుంది. అయినా చెప్పాలి. మీ పక్క బల్ల దగ్గర కూర్చునేది కీమోథెరపీ ముగించుకుని వచ్చిన మనిషి కావచ్చు.

డాక్టరు ఉంటారా అని అడిగారు. ఉంటారు. పెద్ద ఓడల్లో డాక్టరు, నర్సులు రాత్రింబవళ్లు అందుబాటులో ఉంటారు. ఈసీజీ, ఎక్స్‌రే, కొన్ని రక్తపరీక్షలు, ఆక్సిజన్, సెలైన్, గుండె ఆగితే షాక్ ఇచ్చే పరికరం ఉంటాయి. గుండెపోటుకు రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ కూడా చాలా ఓడల్లో ఉంటుంది. యాంజియోగ్రామ్, ఆపరేషన్ మాత్రం ఉండవు. అవసరమైతే తర్వాతి రేవులో ఆసుపత్రికి దించుతారు, తీరానికి దగ్గరగా ఉంటే హెలికాప్టర్ పిలిపించగలరు. మీరు వెళ్లే దారిలో తీరం మరీ దూరంగా ఉండదు, అది మీకు అనుకూలమైన విషయం. మీవారి పాత ఈసీజీ, స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జి కాగితం ఫోనులో, సంచిలో రెండు చోట్లా పెట్టుకోండి. ఓడ డాక్టరు కొత్త ఈసీజీని పాతదానితో పోల్చి చూస్తే సగం అనుమానాలు అక్కడే తేలిపోతాయి. ఈ సేవలు ఉచితం కావు, బిల్లు మీ గది ఖాతాలో పడుతుంది. ఇక్కడి ఆరోగ్య బీమా చాలావరకు విదేశాల్లో చెల్లదు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు షుగర్, స్టెంట్ రెండూ దాచకుండా రాయండి. ఓడ నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు, పాత జబ్బుల చికిత్స అందులో ఉన్నాయా అని చదివి సంతకం చేయండి.

మందుల సంచి ఎప్పుడూ మీ చేతిలోనే ఉండాలి. ఓడ ఎక్కే రోజు పెద్ద పెట్టెలను టెర్మినల్‌లోనే తీసుకుంటారు, అవి గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. మధ్యాహ్నం మాత్రలు ఆ పెట్టెలో ఉండిపోతే ఇబ్బంది. విమానంలోనూ ఇన్సులిన్‌ను సామాన్లలో వేయకండి, అక్కడ గడ్డకట్టి పాడయ్యే అవకాశం ఉంది. వాడుతున్న పెన్ను ఏసీ గదిలో బయటే ఉంచవచ్చు. కొత్తవాటికి గదిలోని చిన్న ఫ్రిజ్ చాలదు, ఒక్కోసారి అది పానీయాలను చల్లబరిచేంత మాత్రమే పనిచేస్తుంది. వైద్యకేంద్రంలో పెట్టమని అడగండి. వాడిన సూదులు వేయడానికి డబ్బా గది సిబ్బందిని అడిగితే ఇస్తారు. సింగపూర్‌లో టైము మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. గ్లార్జిన్ విషయంలో ఈ తేడా సర్దుకోదగినదే, అక్కడి రాత్రి పడుకునే ముందే వేసుకోండి.

మీరు రాయలేదు కానీ నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, గాఢమైన నొప్పి మాత్రలు వాడే అలవాటుంటే సింగపూర్ హెల్త్ సైన్సెస్ అథారిటీ నిబంధనలు ముందే చూడమని అబ్బాయికి చెప్పండి. అలాంటి కొన్నిటికి ముందస్తు అనుమతి తీసుకోవాలి. అన్ని మందులనూ అసలు ప్యాకింగ్‌లోనే, చీటీతో సహా తీసుకెళ్లండి.

మోకాళ్ల సంగతి. ఓడలో నడక ఎక్కువ. గది నుంచి భోజనశాలకు వెళ్లి రావడమే మన వీధి చివరిదాకా పోయి వచ్చినంత. లిఫ్టుకు దగ్గరి గది అడగండి. ఓడ బయలుదేరేముందు భద్రతా కసరత్తు ఉంటుంది, అత్యవసరంలో ఎక్కడ చేరాలో చూపిస్తారు. 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా ఒరిగి 32 మంది చనిపోయారు, అప్పుడే ఎక్కిన కొందరికి ఆ కసరత్తు ఇంకా జరగనే లేదు. నిజమైన ప్రమాదంలో లిఫ్టులు వాడనివ్వరు. మెట్లు దిగలేనని బుకింగ్ సమయంలోనే చెబితే సహాయం ఏర్పాటు చేస్తారు. కొన్ని చోట్ల ఓడ రేవుకు ఆనకుండా దూరంగా ఆగుతుంది, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. ఊగే పడవలోకి అడుగు వేయడం కష్టమనిపిస్తే ఆ పూట ఓడలోనే ఉండిపోండి. దిగి తిరిగేటప్పుడు భోజనం ఆలస్యమవుతుంది, చేతిసంచిలో గ్లూకోజు, బిస్కెట్లు ఉంచుకోండి. డెక్ మీద చెప్పులు లేకుండా అస్సలు నడవకండి. భూమధ్యరేఖకు అంత దగ్గర ఎండలో ఆ నేల కాలిపోతుంటుంది, షుగర్‌తో స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ లేచేదాకా తెలియదు.

భోజనం గురించి ఎక్కువ చెప్పను. శాకాహారం దొరుకుతుంది, ముందే చెబితే ఇంకా సులువు. సూపుల్లో, సాస్‌లలో ఉప్పు మీరనుకున్నదానికంటే ఎక్కువ. అక్కడి మరుగుదొడ్లలో నీళ్ల గొట్టం ఉండదు, చిన్న మగ్గు వెంట పెట్టుకోండి. మొలలు, మలబద్ధకం ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

2020 ఫిబ్రవరిలో యోకోహామాలో నిలిచిపోయిన డైమండ్ ప్రిన్సెస్‌లో 3,711 మంది ఉంటే 700 మందికి పైగా కోవిడ్ సోకింది. ఊపిరి ద్వారా వ్యాపించే జబ్బులకు ఓడ ఎంత అనువైన చోటో అప్పుడు అందరికీ తెలిసింది. బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు ఇద్దరూ ఫ్లూ టీకా వేయించుకోండి. న్యూమోనియా టీకా వేయించుకోకపోయి ఉంటే దాని గురించీ అడగండి. వేడినీళ్ల తొట్టెల్లోకి మాత్రం మీరిద్దరూ దిగకపోవడమే మంచిది. స్టెంట్ ఉన్నవారికి ఆ వేడిలో బీపీ పడిపోవచ్చు. సరిగా శుభ్రం చేయని తొట్టెల ఆవిరిలో లెజియోనెల్లా అనే న్యూమోనియా క్రిమి ఉండే ప్రమాదం కూడా ఉంది.

తిరిగి వచ్చాక ఒకటి రెండు రోజులు మంచం మీద పడుకున్నా ఊగుతున్నట్లే అనిపిస్తుంది, దానంతటదే పోతుంది. నెల దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరును కలవండి. ఇంటికి చేరిన రెండు వారాల్లోపు జ్వరం, దగ్గు, ఒళ్లు నొప్పులు వస్తే మీ డాక్టరుకు క్రూయిజ్‌లో వెళ్లొచ్చామని, ఏ దేశాల్లో దిగామో చెప్పండి. లెజియోనెల్లా, డెంగీ రెండింటికీ పరీక్షలు ఉన్నాయి. ప్రయాణం సంగతి తెలిస్తేనే వాటి ఆలోచన మాకు వస్తుంది.