పేరమ్మ ఎవరి పక్షం?

ప్రశ్న: అమ్మా, పత్తికొండ దగ్గర ఒక పల్లెలో హైస్కూలు తెలుగు టీచరును. కార్తీకమాసం కదా అని తొమ్మిదో తరగతి పిల్లలకు పల్నాటి కథ చెప్పినాను. అలరాజు చావు, పేరమ్మ సహగమనం దాకా వచ్చేసరికి ఒక పాప లేచి, "మేడం, పేరమ్మ వాళ్ల నాయన దగ్గరికి పోయింటే తప్పా?" అని అడిగింది. ఆ పాప ఇంట్లోనూ అదే కథ. ఊరి గొడవల్లో వాళ్లమ్మ అన్నదమ్ములు ఒక పక్క, మొగుడు ఇంకో పక్క. పుట్టింటికి రాకపోకలు లేవు. నేను జవాబు చెప్పలేక పాఠం ఆపేసినాను. ఏం చెప్పాల్సింది?
– ఒక టీచరమ్మ, కర్నూలు జిల్లా

జవాబు: తల్లీ, కాలేజీలో 31 ఏళ్లు ఈ కథ చెప్పినాను. ఒక్కరూ ఆ మాట అడగలేదు. నన్ను నేను కూడా ప్రశ్నించుకోలేదు.

కథ గుర్తులేనివాళ్లకు రెండు ముక్కలు చెప్తాను. 12వ శతాబ్దం. గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవరాజు ఒక తండ్రి బిడ్డలే, తల్లులు వేరు. కోడిపందెంలో ఓడిన మలిదేవుడి పక్షం ఏడేళ్లు వలస పోయింది. గడువు తీరినాక రాజ్యభాగం అడగడానికి అలరాజును రాయబారం పంపినారు. అతను నలగాముడి అల్లుడే, పేరమ్మ మొగుడు. అల్లుడి మాట మామ వింటాడని ఆశ. ఆ అల్లుణ్ణే విషం పెట్టి చంపినారు. పేరమ్మ చితి ఎక్కింది. తర్వాత కారెంపూడిలో నాగులేటి ఒడ్డున యుద్ధం. అక్కడ ఏటా జరిగే వీరుల ఉత్సవాల్లో రెండో రోజు పేరు ఇప్పటికీ రాయబారమే.

పాపకు జవాబు మా అమ్మ దగ్గర ఉంది.

1974లో నాకు పదేళ్లు. మా నాయన వాళ్లకూ, మా మేనమామ వాళ్లకూ ఊరి పెత్తనం కాడ చెడింది. మధ్యలో నాలుగు మైళ్ల నల్లరేగడి, ఒక వంక. ఆ వంక మా అమ్మ తొమ్మిదేళ్లు దాటలేదు. మూడో ఏడు మా అవ్వ ఉండబట్టలేక గాజులామె బుట్టలో, గాజుల మలారాల కింద దాచి, పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడిలో పోసే ఒడిబియ్యం పంపించింది. పసుపు కలిపిన బియ్యం, రెండు ఎండుకొబ్బరి చిప్పలు, ఆకుపచ్చ రవికె గుడ్డ. అమ్మ మూట విప్పుతుంటే మా చిన్నాయన చూసి, "పగోళ్ల బియ్యం ఈ ఇంట్లోనా?" అని కాలితో తన్నినాడు. బియ్యం పేడకళ్లాపి వాకిలంతా చెదిరినాయి.

అమ్మ ఒక్క మాట అనలేదు. గొంతు కూర్చుని గింజ గింజా ఏరింది. నేనూ ఏరినాను. గోళ్ల సందున పేడ, పసుపు. మూడు నీళ్లు కడిగి, ఆ రాత్రి అదే అన్నం వండి, అందరికీ వడ్డించింది. చిన్నాయనకు కూడా. అన్నం పసుపుపచ్చగా ఉంది, ఏ బియ్యమో చెప్పాల్సిన పని లేదు. ఆయన పళ్లెం కల్లా చూస్తా చాలాసేపు కూర్చుని, తిన్నాడు. మా నాయన రెండోసారి పెట్టించుకున్నాడు.

పగ ఆ రాత్రితో ఆగలేదు, ఇంకా ఆరేళ్లు నడిచింది. కానీ మా అమ్మ ఏ రోజూ మొగుణ్ణి విడవలేదు, అన్నను తిట్టలేదు. "నువ్వెవరి పక్షం?" అని చుట్టాలు అడిగితే, "ఆ మాట కత్తులు పట్టుకున్నోళ్లను అడగండి" అనేది.

అందుకే తల్లీ, ఆ పాపను పిలిచి చెప్పు. పేరమ్మ పుట్టింటికి పోయినా తప్పు కాదు. బతికి ఉన్నా తప్పు కాదు. చితి ఎక్కడం గొప్ప అని మాత్రం పొరపాటున కూడా అనొద్దు. తప్పంతా కూతురి మొగుడని చూడకుండా విషం పెట్టినవాళ్లది, పెట్టనిచ్చినవాళ్లది. ఈ ముక్క పాఠంలో గట్టిగా చెప్పు, మగపిల్లలు వినేటట్టు.

తర్వాత ఒకనాడు వాళ్లింటికి పో. పార్టీల ఊసెత్తొద్దు. "ఒడిబియ్యం పోయించుకుని ఎన్నేళ్లయిందమ్మా?" అని ఆ తల్లిని అడుగు.