లెస్టర్‌లో పాత గోల్ఫ్ కారు కొంటానంటున్న కొర్లగుంట తమ్ముడికి

“అన్నా, మాది తిరుపతి, కొర్లగుంట. నాకు 22 ఏళ్లు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. ఇక్కడ 1990 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఒకటి 2,500 పౌండ్లకు వస్తోంది. క్లాసిక్ కారు, పాతది కాబట్టి టాక్స్ కూడా ఉండదట. సొంత బండి నాకు ఇదే మొదటిది. మామయ్య మారుతి 800 మీద నేర్చుకున్నాను, పాత బండి నాకు అలవాటే. నాన్నను డబ్బులు పంపమని అడగొచ్చా?”

అడగొచ్చు తమ్ముడూ. కాకపోతే 2,500 అడిగితే చాలదు. ఎంత అడగాలో నీకే ఇంకా తెలీదు. నీ ఉత్తరంలో రంగు ఉంది, సీట్ల డిజైన్ ఉంది, చక్రాల గురించి నాలుగు లైన్లున్నాయి. ఇన్సూరెన్స్ అన్న మాట ఒక్కసారి కూడా లేదు.

నేను 2001లో వచ్చాను. అప్పట్లో పౌండు డెబ్బై రూపాయల దగ్గర ఉండేది, కాఫీ తాగినా దాన్ని రూపాయల్లోకి మార్చుకుని బాధపడేవాణ్ని. రీడింగ్ అనే ఊళ్లో నలుగురం ఒకే ఇంట్లో. బస్సు కోసం చలిలో నిలబడీ నిలబడీ విసుగొచ్చి, 600 పౌండ్లకు ఒక పాత ఎర్ర హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. ఏ కంపెనీదో ఎందుకులే. అమ్మినాయన పెద్దమనిషి, టీ కూడా ఇచ్చాడు. తాళాలు జేబులో వేసుకుని ఇంటికొచ్చి, ఆ తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేయడం మొదలుపెట్టాను. ఇండియా లైసెన్సు, చిన్న వయసు, ఇక్కడ నడిపిన చరిత్ర లేదు. కొందరు ఆ మాట వినగానే కుదరదన్నారు. చివరికి ఒకరు ఒప్పుకున్నారు, 1,100 పౌండ్లకు! అంటే బండి కంటే దాదాపు రెండింతలు. అంత డబ్బు చేతిలో లేదు. రోడ్డు మీద పెడదామంటే ఇన్సూరెన్స్ లేకుండా పెట్టకూడదు. తెలిసినాయన ఇంటి ఆవరణలో బతిమాలి పెట్టించి, జీతం వచ్చేదాకా వారాల తరబడి వెళ్లి చూసుకుని వచ్చేవాణ్ని.

అంతటితో పోలేదు. రెండు నెలలకే ఎంఓటీ గడువు వచ్చింది. మన ఆటోలకు, లారీలకు ఎఫ్‌సీ చేయించినట్టు ఇక్కడ మూడేళ్లు దాటిన కారుకు ఏటా చేయించాలి. టెస్ట్ చేసే ఆయన బండిని పైకి లేపి, తలుపు కింద పొడుగ్గా ఉండే సిల్ మీద చిన్న పనిముట్టుతో తట్టుకుంటూ వెళ్లాడు. ముందువైపు టంగ్ టంగ్‌మంది. వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మెత్తబడింది. ఇంకోసారి తడితే పెయింట్‌తో పాటు రేకు ఊడి కింద పడింది. లోపల కార్పెట్ ఎత్తితే షెడ్డు నేల కనిపించింది. ఈ దేశంలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కిందినుంచి తినేస్తుంది, పైన మాత్రం పాలిష్ తళతళ. వెల్డింగ్ ఖర్చు మొదలైతే ఎక్కడ ఆగుతుందో మెకానిక్‌కే తెలీదు. అదంతా తట్టుకుని, అప్పు తీర్చి నిలబడ్డాను. ఇప్పుడు ఇంటి ముందు రెండు కార్లున్నాయి, రెండూ కొత్తవే కొన్నాను. మీ తరానికి ఫోన్లో ఫొటో చూస్తే చాలు, ప్రేమ పుట్టుకొస్తుంది.

ఇప్పుడు నీ గోల్ఫ్ సంగతి. టాక్స్ ఉండదని ఎవరు చెప్పారో కానీ, ఆ మినహాయింపు బండికి 40 ఏళ్లు నిండాకే. 1990 బండికి 2031 ఏప్రిల్ దాకా టాక్స్ కట్టాలి, 2030 దాకా ఎంఓటీ కూడా చేయించాలి. లండన్‌లో చుట్టాలుంటే అక్కడా ఖర్చే: ఈస్ట్‌హామ్‌లో ఉన్నా, హౌన్‌స్లోలో ఉన్నా ఆ బండితో వెళ్లిన ప్రతిరోజూ యూలెజ్ (పొగ ఎక్కువ వదిలే పాత బండ్ల మీద వేసే రుసుము) కింద 12.50 పౌండ్లు. బర్మింగ్‌హామ్ దగ్గరున్న టివిడేల్ బాలాజీ గుడికి శనివారం వెళ్దామంటే మంచిదే. దారి తప్పి బర్మింగ్‌హామ్ సిటీ మధ్యలోకి పోయావంటే మాత్రం అక్కడా అలాంటి రుసుమే, 8 పౌండ్లు. ఇక్కడ మామూలుగా దొరికే పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపింది. పాత బండ్లలో కొన్నిటికి అది పడదు, అలాంటివాటికి ధర ఎక్కువైన ఈ5 పోయించాలి. ఈ రూల్స్ అన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చూసుకో.

మారుతి 800, ఈ రెండో తరం గోల్ఫ్ రెండూ 1983లోనే పుట్టాయి. అందుకే నీకు చుట్టరికం కనబడినట్టుంది. మామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని లీలామహల్ సర్కిల్ నుంచి కరకంబాడి రోడ్డు దాకా నడిపావు, సంతోషం. కొండ మీదికి కూడా ఎక్కించానని రాశావు. ఘాట్ రోడ్డులో పోయే దారి వేరు, వచ్చే దారి వేరు, ఎదురుగా బండి రాదు. లెస్టర్ చుట్టుపక్కల పల్లె రోడ్లలో మలుపు తిరగ్గానే ట్రాక్టర్ ఎదురొస్తుంది. మోటార్‌వే మీద పరిమితి 70 మైళ్లు, మన లెక్కలో 112 కిలోమీటర్లు. పక్కన లారీలు, పైన వాన. ఆ మోడల్లో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ కూడా సాధారణంగా ఉండదు. సడన్‌గా బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి బండి జారుతుంది. ఈ ఒక్క మాటా మీ అమ్మకు చెబితే 2,500 కాదు, ఇరవై అయిదు కూడా పంపనివ్వదు.

మళ్లీ ఇన్సూరెన్స్‌కే వస్తాను, ఏమనుకోకు. క్లాసిక్ కారు పాలసీ చవక అని ఎవరో చెప్పే ఉంటారు. అది సాధారణంగా పాతికేళ్లు దాటి, ఇంట్లో వేరే కారు ఉండి, ఏడాదికి కొద్ది మైళ్లే తిరిగేవాళ్లకు. నీకు ఇచ్చినా, ఆ ఏడాది నో క్లెయిమ్స్ బోనస్‌ను మామూలు కారుకు లెక్క వేయనివాళ్లే ఎక్కువ. ఈ దేశంలో మనకు ఆ బోనస్సే ఆస్తి. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిచేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది. అసలు నీ మొదటి కారును కొనాల్సిందే దానికోసం.

స్లావ్‌లో ఉన్న మీ బావ “నా పేరు మీద తీస్తా, నువ్వు పక్క డ్రైవర్‌గా ఉండు” అన్నాడన్నావు. మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. రోజూ నడిపేది నువ్వైతే అది మోసం కింద లెక్క. యాక్సిడెంట్ అయ్యాక బయటపడితే పాలసీ రద్దవుతుంది, ఇన్సూరెన్స్ లేకుండా నడిపినట్టే అవుతుంది. దానికి 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద 6 పెనాల్టీ పాయింట్లు. ఇక్కడి లైసెన్సు వచ్చిన రెండేళ్లలోపు 6 పాయింట్లు పడితే లైసెన్సే పోతుంది. బావకు మర్యాదగా వద్దని చెప్పు. ఆ కారుతో ఫుడ్ డెలివరీ చేసి ఖర్చు రాబడదామనే ఆలోచన కూడా మానుకో. స్టూడెంట్ వీసా మీద అలా సొంతంగా పనిచేయడానికి వీల్లేదు, మామూలు పాలసీ దానికి వర్తించదు.

ఇండియా లైసెన్సు నువ్వు ఈ దేశానికి వచ్చిన రోజు నుంచి 12 నెలలే చెల్లుతుంది. ఈలోగా ప్రొవిజనల్ (మన ఎల్ఎల్ఆర్ లాంటి లైసెన్సు) తీసుకుని ఇక్కడి టెస్టు పాసైపో. డ్రైవింగ్ క్లాసులకు పెట్టే డబ్బు దండగ కాదు, ప్రీమియంలో కొంత వెనక్కి వస్తుంది. కారు కావాలంటే 2006 తర్వాతి చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ చూడు: యారిస్, జాజ్, ఐ10. ఆ మొదటి తరం ఐ10లు మనకు పక్కనే ఉన్న శ్రీపెరుంబుదూరులో తయారై ఓడెక్కి వచ్చినవే. స్నేహితులు నవ్వితే నవ్వనీ. నువ్వు ఎలా నడుపుతున్నావో ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పే బ్లాక్ బాక్స్ పెట్టించుకుంటే ప్రీమియం ఇంకొంచెం తగ్గవచ్చు, కానీ కొన్ని పాలసీల్లో రాత్రిపూట నడిపితే మార్కులు పోతాయి. నువ్వు వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్నావు కాబట్టి ఆ షరతు చదివి సంతకం పెట్టు. గోల్ఫ్ ఎక్కడికీ పోదు. రెండు మూడేళ్ల బోనస్ చేతికొచ్చాక, ఎండాకాలం ఆదివారాలు తిప్పుకోవడానికి రెండో కారుగా కొనుక్కో, నేనే వచ్చి చూస్తాను.

ఈ రాత్రికి ఒక పని చెయ్. ఆ గోల్ఫ్ నంబరు ప్లేటు వివరాలతో ప్రభుత్వ సైట్‌లో పాత ఎంఓటీ చరిత్ర ఉచితంగా చూడొచ్చు, తుప్పు గురించి రాసిన లైన్లన్నీ చదువు. అదే నంబరుతో నీ పేరు మీద ఇన్సూరెన్స్ కోట్ తీసి, ఆ అంకె మీ నాన్నగారికి వాట్సాప్ చెయ్యి. ఈలోగా అమ్మేవాడు అడ్వాన్స్ ఇమ్మంటే ఇవ్వొద్దు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఎంత ఇచ్చావో, రసీదు ఉందో లేదో రాయి.