నాలుగు సంఘాల్లోనూ అవే మొహాలు కనిపిస్తే అనుమానించాలా?

మీరు చేరిన హక్కుల సంఘంలోనూ, దాంతో కలిసి పనిచేసే మరో మూడు సంఘాల్లోనూ అవే పేర్లు కనిపిస్తున్నాయనీ, వెనకాల ఏదైనా రాజకీయ బృందం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలనీ అడిగారు. అలాంటి ఒక సంఘంలో నేను మూడేళ్లు సహాయ కార్యదర్శిగా పనిచేశాను. మినిట్స్ పుస్తకం నా దగ్గరే ఉండేది. అందుకే రాస్తున్నాను.

పేర్లు కలిసినంత మాత్రాన ఏ నిర్ణయానికీ రాకండి. ఎక్కడైనా పని నెత్తినేసుకునేవాళ్లు నలుగురే ఉంటారు, ఆ నలుగురే అన్ని కమిటీల్లోనూ తేలతారు. మీరు చూడాల్సింది నిర్ణయం ఎక్కడ జరుగుతోందన్నది.

నాకు ఆ సంగతి తెలిసింది ఒక ప్రెస్ నోట్ వల్ల. సాయంత్రం ఆరింటికి కార్యవర్గ సమావేశం. ఆ పొద్దున కన్వీనర్ గారు ఒక సంచి ఇచ్చి, అందులోని కాగితాలు కాపీలు తీయించి మధ్యాహ్నానికల్లా పత్రికాఫీసుల్లో ఇచ్చి రమ్మన్నారు. పై కాగితం మా లెటర్‌హెడ్. "నేడు జరిగిన కార్యవర్గ సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది" అని మొదలైంది. సమావేశం ఇంకా జరగనే లేదు. కింద మరో మూడు సంఘాల లెటర్‌హెడ్‌ల మీద అదే ప్రకటన. రెండో పేరాలో ఒక మాటకు ఒత్తు పడలేదు, నాలుగింటిలోనూ అదే తప్పు. సంచి అడుగున పాత జామెట్రీ బాక్సు. తెరిస్తే నాలుగు రబ్బరు స్టాంపులు, ఒకే ఇంకు ప్యాడ్.

కాగితాలు ఇచ్చి వచ్చాను. అప్పుడు ఎదురు చెప్పనందుకు ఇప్పటికీ బాధపడతాను. సాయంత్రం రెండు గంటలు చర్చ జరిగింది. ఒక పెద్దావిడ తీర్మానంలో ఒక వాక్యం తీసేయాలని గట్టిగా, ఓపిగ్గా వాదించారు. ఆవిడ మాట్లాడుతుంటే నేను తలెత్తలేకపోయాను. ఆవిడ మాట నెగ్గినా నెగ్గకపోయినా ఆ వాక్యం అప్పటికే ఊరంతా చేరిపోయింది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, ఒక్క పక్షానిదీ కాదు. జర్మన్ కమ్యూనిస్టు విల్లీ మ్యూంజెన్‌బర్గ్ 1921లో రష్యా కరువు బాధితుల కోసం బెర్లిన్ కేంద్రంగా అంతర్జాతీయ కార్మిక సహాయ సంస్థను నడిపాడు. 1927 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో సామ్రాజ్యవాద వ్యతిరేక సమితి పుట్టిన మహాసభ వెనకా ఆయనే ఉన్నాడు. దానికి కాంగ్రెస్ ప్రతినిధిగా నెహ్రూ వెళ్లారు. అటువైపు చూస్తే, 1950లో పశ్చిమ బెర్లిన్‌లో మొదలైన సాంస్కృతిక స్వేచ్ఛా సమితికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ డబ్బు ఫౌండేషన్ల మీదుగా చేరేది. అమెరికా జాతీయ విద్యార్థి సంఘానికీ అలాగే డబ్బు అందుతోందని 1967లో రాంపార్ట్స్ పత్రిక బయటపెట్టింది. ఆ సంఘంలో అసలు విషయం తెలిసింది కొద్దిమంది నాయకులకే. మిగతా విద్యార్థులు నిజంగా నమ్మే పనిచేశారు. బ్రస్సెల్స్ వెళ్లినవాళ్లకూ వలసపాలన మీద ఉన్న కోపం ఎవరో అరువిచ్చింది కాదు.

అందుకే "ముసుగు సంస్థ", అంటే పైకి ఒక పేరు, వెనక నడిపేది మరో బృందం, అన్న మాట తొందరపడి వాడొద్దు. ప్రభుత్వాలకు నచ్చని ప్రతి సంఘం మీదా ఆ ముద్ర చాలా తేలిగ్గా పడుతుంది. దాని కింద నలిగేది మామూలు సభ్యులే. ఒక పార్టీ తన అనుబంధ సంఘాన్ని బాహాటంగా నడిపితే నాకే అభ్యంతరమూ లేదు. చేరేవాడికి ఎందులో చేరుతున్నాడో తెలుస్తుంది.

మీ సంఘంలో తీర్మానం ముసాయిదా ఎవరు రాస్తున్నారో, సమావేశంలో అది ఒక్కసారైనా మారిందో లేదో గమనించండి. నా మూడేళ్ల మినిట్స్ వెనక్కి తిప్పి చూస్తే ఒక్కటీ మారలేదు. పది సంఘాల సంయుక్త ప్రకటన అన్నప్పుడు సంతకాలు చేసిన మనుషులెందరో లెక్కపెట్టండి. జమాఖర్చులు సభ్యులకు చూపిస్తున్నారా? కార్యవర్గానికి ఎన్నిక జరుగుతోందా, లేక పేర్ల జాబితా చదివి చప్పట్లు కొట్టిస్తున్నారా? ఇవి గుసగుసగా కాదు, సమావేశంలోనే అడగండి. జవాబు సూటిగా వస్తే నిశ్చింతగా పనిచేసుకోవచ్చు. అడిగినవాళ్లనే అనుమానంగా చూడడం మొదలైతే జాగ్రత్తపడండి.

నేను అడిగినప్పుడు కన్వీనర్ గారు "అందరికీ అన్నీ చెబితే పని జరగదు" అన్నారు. ఆయన స్వార్థపరుడు కాదు, రాత్రింబగళ్లు కష్టపడే మనిషి. అయినా నెల తిరక్కుండానే పుస్తకం అప్పగించి బయటికొచ్చేశాను. తర్వాత ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "వాళ్ల రాజకీయం నాకూ ఇష్టమే కదయ్యా, మరి నన్నెందుకు అడగలేదు?" అన్నారు.