ఎన్నారై సందేహాలు: కారు లేకుండా ఆఫీసుకి వెళ్ళడం అయ్యే పనేనా?

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు, బ్రాడీపేట. మూడేళ్ళుగా విజయవాడలో ఉద్యోగానికి రోజూ అప్ అండ్ డౌన్ చేస్తున్నాను. ఇప్పుడు సియాటెల్ దగ్గర రెడ్‌మండ్‌లో ఉద్యోగం వచ్చింది. నాకు స్కూటీ వచ్చు గానీ కారు నడపడం రాదు. దిగిన వారంలోనే కారు కొనుక్కోమని నాన్నగారు పట్టుబడుతున్నారు. అక్కడున్న మా పెదనాన్నగారి అబ్బాయేమో అమెరికాలో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే అంటున్నాడు. బస్సులోనో, సైకిల్ మీదో, నడిచో ఆఫీసుకి వెళ్ళడం కుదరదా?

జవాబు: కుదురుతుంది చెల్లీ. మీ అన్నయ్య మాటలోనూ నిజం ఉంది, అందుకే ముందు దాని సంగతి చెబుతాను. అమెరికా అంతా ఒకలా ఉండదు. డల్లాస్ వైపు మనవాళ్ళు ఎక్కువగా స్థిరపడిన ఫ్రిస్కోనే తీసుకో. డల్లాస్ ప్రాంతంలో బస్సులు, రైళ్ళు నడిపే డార్ట్ సంస్థలో ఆ ఊరికి సభ్యత్వమే లేదు. అక్కడ ఉద్యోగం వస్తే నేను కూడా కారే కొనుక్కోమంటాను. న్యూజెర్సీలో మెట్రోపార్క్ స్టేషన్‌కో, జర్నల్ స్క్వేర్‌కో దగ్గర్లో ఇల్లు దొరికినవాళ్ళు ఏళ్ళ తరబడి కారు మొహం చూడకుండా న్యూయార్క్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. నీకు వచ్చింది రెడ్‌మండ్ కాబట్టి నీ అదృష్టం బాగుంది. నేను విజయవాడ పటమట నుంచి వచ్చి ఆ పక్కనే బెల్‌వ్యూలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడి సంగతి నాకు తెలుసు.

అంతా ఇల్లు ఎక్కడ తీసుకుంటావన్న దాని మీదే ఉంది. ముందు బస్సు చూసుకో, ఆ తర్వాతే ఇల్లు చూసుకో. మనవాళ్ళు చాలామంది దీన్ని తిరగేస్తారు. తెలిసినవాళ్ళు ఆ కాంప్లెక్స్‌లో ఉన్నారనో, ఇండియన్ స్టోర్ దగ్గరనో, అద్దె వంద డాలర్లు తగ్గుతుందనో లీజు మీద సంతకం పెట్టేస్తారు. తీరా చూస్తే బస్టాపు అరగంట నడక, వచ్చే బస్సు గంటకొకటి. అప్పుడిక కారు తప్ప దారి ఉండదు. అద్దెలో మిగిలిన ఆ వంద కారు వాయిదాకి, ఇన్సూరెన్సుకి, పెట్రోలుకి ఏ మూలకీ చాలదు. పైగా ఇక్కడ నడిపిన చరిత్ర లేని కొత్తవాళ్ళకి ఇన్సూరెన్సు మామూలు కంటే బాగా ఎక్కువ వేస్తారు.

ఈ వెతుకులాట బ్రాడీపేటలో కూర్చునే చేసుకోవచ్చు. గూగుల్ మ్యాప్‌లో అపార్టుమెంటు చిరునామా, ఆఫీసు చిరునామా కొట్టి బస్సు గుర్తు నొక్కు. అక్కడితో ఆగితే ఆ క్షణంలో ఉన్న బస్సులే చూపిస్తుంది. నువ్వు పగలు చూస్తావు, అప్పటికి ఇక్కడ అర్ధరాత్రి. అందుకని మంగళవారం ఉదయం తొమ్మిదికి ఆఫీసు చేరాలని పెట్టి చూడు. మళ్ళీ అదే రోజు రాత్రి ఎనిమిదిన్నరకి ఆఫీసు నుంచి బయల్దేరినట్టు పెట్టి చూడు. ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నం సరుకులకి వెళ్ళినట్టు చూడు. మూడింటికీ సరైన దారి దొరికితేనే ఆ ఇల్లు నీకు పనికొస్తుంది. పదిహేను నిమిషాలకొకటి వచ్చే బస్సుకి టైముతో పనిలేదు, వెళ్ళి నిలబడితే చాలు. అరగంటకొకటి వచ్చే బస్సు ఒకటి తప్పిపోతే ఉదయం మీటింగు పోయినట్టే. ఆ తర్వాత స్ట్రీట్ వ్యూలో ఇంటి నుంచి బస్టాపు దాకా ఒకసారి వెళ్ళిరా. ఫుట్‌పాత్ మధ్యలో ఆగిపోతుందా, దారి ఎగుడా దిగుడా, వీధి దీపాలున్నాయా అన్నవి నీకే కనపడతాయి. గుంటూరు, విజయవాడల్లో నడిచినవాళ్ళకి ఎగుడు సంగతి ఆలోచనకే రాదు. ఇక్కడ నేలంతా గుట్టలే. మ్యాప్‌లో పావు మైలని ఉన్నది కొన్నిచోట్ల మన ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కినంత పని పెడుతుంది.

నీ విషయంలో నేనైతే రెండు దారులు చూస్తాను. ఒకటి 2 లైన్ రైలు. 2024 ఏప్రిల్ 27న సౌత్ బెల్‌వ్యూ నుంచి రెడ్‌మండ్ టెక్నాలజీ స్టేషన్ దాకా మొదలైంది, 2025 మే 10న డౌన్‌టౌన్ రెడ్‌మండ్ దాకా పొడిగించారు. ఓవర్‌లేక్ విలేజ్, స్ప్రింగ్ డిస్ట్రిక్ట్, విల్బర్టన్, మేరీమూర్ విలేజ్, ఈ స్టేషన్లలో దేనికైనా పది నిమిషాల నడకలో ఇల్లు దొరికితే కళ్ళకద్దుకుని తీసుకో. రెండోది బెల్‌వ్యూ నుంచి క్రాస్‌రోడ్స్, ఓవర్‌లేక్ మీదుగా రెడ్‌మండ్ వెళ్ళే బీ లైన్ బస్సు. క్రాస్‌రోడ్స్ చుట్టుపక్కల తెలుగు మాట వినపడని రోజు ఉండదు. అద్దెలు కూడా స్టేషన్ పక్కన కట్టిన కొత్త బిల్డింగుల కంటే కాస్త నయం.

ఇక డబ్బు సంగతి. కొత్తగా వచ్చేవాళ్ళలో చాలామందికి తెలియని చట్టం ఒకటి ఇక్కడుంది. రోడ్ల మీద కార్లు తగ్గించాలని 1991లో వాషింగ్టన్ రాష్ట్రం చేసింది. ట్రాఫిక్ ఎక్కువున్న ప్రాంతాల్లో, ఒకే చోట పొద్దున ఆరు, తొమ్మిది మధ్య డ్యూటీకి దిగే ఫుల్‌టైం ఉద్యోగులు వందమందీ ఆ పైనా ఉన్న సంస్థలు, వాళ్ళు ఒంటరిగా కారులో రాకుండా ఉండేందుకు ఏదో ఒక ఏర్పాటు చేయాలి. ఆ పని చూసే మనిషి ఒకరు ఆఫీసులో ఉంటారు. బస్సు, రైలు రెండింటికీ చెల్లే ఓర్కా కార్డుని చాలా కంపెనీలు ఉద్యోగులకి ఉచితంగా ఇస్తున్నాయి. ఎవరూ నీ టేబుల్ దగ్గరకి తెచ్చి ఇవ్వరు, నువ్వే అడగాలి. కంపెనీ ఇవ్వకపోయినా పెద్ద భారం కాదు. 2 లైన్ రైలెక్కితే దూరంతో పనిలేకుండా 3 డాలర్లు. ఆ చార్జీకి నెల పాసు 108 డాలర్లు. కార్డు మీద చెల్లిస్తే రెండు గంటల్లోపు బస్సు మారినా రైలు మారినా ఆ టిక్కెట్టే చెల్లుతుంది. ఈ పాసు డబ్బుని పన్ను వేయకముందే జీతంలోంచి మినహాయించుకునే వీలు కూడా చాలా కంపెనీల్లో ఉంది. 2025లో దానికి పరిమితి నెలకి 325 డాలర్లు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. కన్సల్టెన్సీ ద్వారా వచ్చి పెద్ద కంపెనీలో కూర్చుని పనిచేసే మనపిల్లలు చాలామంది. అలాంటివాళ్ళకి ఈ సదుపాయాలు ఇవ్వాల్సింది జీతమిచ్చే కన్సల్టెన్సీ, పనిచేసే చోటున్న కంపెనీ కాదు. కంపెనీ సొంత షటిల్ బస్సు గేటు ముందే ఆగుతుంది, వీళ్ళ బ్యాడ్జీకి మాత్రం ఎక్కనివ్వకపోవచ్చు. పక్క సీటు స్నేహితుడు ఎక్కుతున్నాడు కదా అని నమ్ముకుని ఇల్లు తీసుకున్న పిల్లలు ఇబ్బందిపడటం నేను చూశాను, చూసి బాధపడ్డాను. నీది నేరుగా కంపెనీ ఉద్యోగమా కాదా అన్నది నువ్వు రాయలేదు. నేరుగా కంపెనీ ఉద్యోగం కాకపోతే మాత్రం ఈ సంగతి లీజుకి ముందే తేల్చుకో.

బస్సెక్కడం నీకు నేర్పక్కర్లేదు. నెహ్రూ బస్టాండులో సాయంత్రం ఆరు గంటల రద్దీలో గుంటూరు బస్సులో సీటు సంపాదించినదానివి. ఇక్కడ తోపులాట ఉండదు, కండక్టరూ ఉండడు.  బీ లైన్ బస్సుకైతే రీడరుకి కార్డు తాకించి ఏ తలుపునుంచైనా ఎక్కొచ్చు. దిగాల్సిన స్టాపుకి ముందు కిటికీ వెంట వేలాడే తాడు లాగాలి. స్టాపులో ఎక్కేవాళ్ళు లేక, లోపల తాడు లాగినవాళ్ళూ లేకపోతే బస్సు ఆగకుండా వెళ్ళిపోతుంది. దిగేటప్పుడు డ్రైవరుకి థాంక్యూ చెప్పడం ఇక్కడ అందరికీ అలవాటు. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద ఆడవాళ్ళకి బస్సు ఉచితం. ఇక్కడ పద్దెనిమిదేళ్ళ వయసు దాకా పిల్లలకి ఉచితం, పెద్దవాళ్ళకి ఆడామగా తేడా లేదు. ఆఫీసు కార్డు అడగడం మర్చిపోవద్దని ఇంతగా చెప్పేది అందుకే.

నాకు నిజంగా భయం వేసేది బస్సు గురించి కాదు, రోడ్డు దాటడం గురించి. ఇక్కడ బళ్ళన్నీ కుడివైపున నడుస్తాయి. మనకి చిన్నప్పటి నుంచీ అడుగు వేసేముందు మెడ కుడివైపు తిరుగుతుంది. ఇక్కడ మొదటి బండి వచ్చేది ఎడమవైపు నుంచి. ఈ అలవాటు ఒక్కరోజులో పోదు, కాబట్టి మొదటి నెలలు ప్రతిసారీ ఆగి, ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ చూసి అప్పుడు కాలు పెట్టు. ఎక్కాల్సిన బస్టాపు కూడా రోడ్డుకి నువ్వనుకున్న వైపున ఉండదు, అవతలివైపు ఉంటుంది.

సిగ్నల్ దగ్గర స్తంభానికి బటన్ ఉంటుంది. చాలాచోట్ల అది నొక్కితేనే నడిచే మనిషి బొమ్మ వెలుగుతుంది, లేకపోతే ఎంతసేపు నిలబడినా రాదు. ఎర్ర చెయ్యి మినుకుమినుకుమంటూ పక్కన అంకెలు తగ్గుతుంటే, రోడ్డు మధ్యలో ఉన్నవాళ్ళు దాటేయాలని అర్థం, గట్టు మీదున్నవాళ్ళు దిగకూడదు. అన్నిటికంటే ప్రమాదం కుడివైపు తిరిగే కారు. ఎర్ర లైటు ఉన్నా, వద్దని బోర్డు లేకపోతే, ఆగి చూసుకుని కుడివైపు తిరగొచ్చని ఇక్కడి రూలు. ఆ డ్రైవరు కళ్ళు ఎడమవైపు నుంచి వచ్చే కార్ల మీద ఉంటాయి, కుడిపక్కన నిలబడ్డ నువ్వు ఆనవు. కూడలిలో గీతలున్నా లేకపోయినా నడిచేవాళ్ళకి కార్లు ఆగాలని చట్టమే ఉంది. చట్టాన్ని నమ్ముకుని దిగకు, డ్రైవరు నీ కళ్ళలోకి చూసి ఆగాకే దిగు.

నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. డిసెంబరుకి సాయంత్రం నాలుగు ఇరవైకల్లా సూర్యుడు దిగిపోతాడు. ఆఫీసు నుంచి నువ్వు వచ్చేది చీకట్లోనే, చాలా రోజులు వాన తుంపరలో. మనవాళ్ళు నల్ల జాకెట్టు కొనుక్కుంటారు, అది అద్దం మీద చినుకులున్న డ్రైవరుకి కనపడదు. లేత రంగు రెయిన్ జాకెట్టు, దానిమీద లైటు పడితే మెరిసే పట్టీలున్నది కొనుక్కో. సియాటెల్ వాన గురించి జనం భయపెడతారు. ఏడాది మొత్తం కలిపితే దాదాపు మన విజయవాడలో పడేంతే. మనకి నాలుగు కుంభవృష్టుల్లో అయిపోయేది ఇక్కడ అక్టోబరు నుంచి మే దాకా సన్నగా పడుతూనే ఉంటుంది. గొడుగు కంటే టోపీ ఉన్న జాకెట్టు, నీళ్ళు దిగని బూట్లు ముఖ్యం.

సైకిల్ మాత్రం మొదటి వేసవి దాకా ఆగు. వేసవిలో ఇక్కడ రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురు ఉంటుంది, 520 హైవే పక్కనే కార్లు రాని సైకిల్ దారి రెడ్‌మండ్ నుంచి బెల్‌వ్యూ వైపు వెళ్తుంది. ఓవర్‌లేక్ వైపు ఎక్కేచోట చాలా ఎగుడు. అప్పుడు కూడా మొత్తం దూరం తొక్కక్కర్లేదు. ఇక్కడి బస్సులు నడిపే కింగ్ కౌంటీ మెట్రో వాళ్ళ ప్రతి బస్సుకి ముందు బంపరు మీద మడిచిపెట్టిన ఇనుప స్టాండు ఉంటుంది, దానిలో మూడు సైకిళ్ళు పడతాయి. డ్రైవరుకి చెయ్యి ఊపి, స్టాండు పిడి నొక్కి కిందికి దించి, సైకిల్ ఎత్తి చక్రాలు గాడిలో పెట్టి, కొక్కెంలాంటి చేతిని ముందు చక్రం మీదికి లాగితే బిగుసుకుంటుంది. మొదటిసారి ఖాళీ రోజున నెమ్మదిగా చేసి చూడు. దిగేటప్పుడు సైకిల్ తీసుకుంటానని డ్రైవరుకి చెప్పి ముందు తలుపు నుంచే దిగాలి, లేకపోతే బస్సుతోపాటు అదీ వెళ్ళిపోతుంది. చీకట్లో ముందు తెల్ల లైటు చట్టప్రకారం తప్పనిసరి. కింగ్ కౌంటీ 2022లో హెల్మెట్ నిబంధన ఎత్తేసింది, నువ్వు మాత్రం హెల్మెట్ లేకుండా ఎక్కకు. తాళం వైరు రకం వద్దు, ఇనుప యూ ఆకారంది తీసుకో.

రాత్రిళ్ళు ఆలస్యమైతేనో, ఒంట్లో బాగాలేకపోతేనో ఎలాగని అమ్మగారు తప్పక అడుగుతారు. బస్సులో, సైకిల్ మీద వచ్చే ఉద్యోగులకి అలాంటి అవసరం పడితే టాక్సీ ఖర్చు ఇచ్చే పద్ధతి ఇక్కడ చాలా ఆఫీసుల్లో ఉంది. నీ ఆఫీసులో ఉందో లేదో కనుక్కుని ఆవిడకి చెప్పు.

నాన్నగారి పట్టుదల నాకు అర్థమవుతుంది. అమెరికా వెళ్ళిన పిల్ల బస్సులో తిరుగుతోందంటే బంధువుల్లో చిన్నతనం అనిపిస్తుంది. ఇక్కడ పొద్దున్నే 2 లైన్ ఎక్కి చూస్తే మేనేజర్లు, ఇంజినీర్లు, హాస్పిటల్ డ్యూటీకి వెళ్ళే నర్సులు, అందరూ కార్డు తాకించి ఎక్కేవాళ్ళే. ఆయనకి ఈ లెక్క కూడా చెప్పు: ఎడ్యుకేషన్ లోను ఉంటే, కారు లేని మొదటి ఏడాది దాని వాయిదాలు రెట్టింపు కట్టేయొచ్చు. కారు ఎప్పటికీ వద్దని నేననడం లేదు. గుంటూరులో ఉండగానే డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు, ఆర్టీఏ ఆఫీసులో అంతర్జాతీయ పర్మిట్ రెండూ తీసుకునిరా. వాషింగ్టన్‌లో స్థిరపడ్డాక 30 రోజుల్లో ఇక్కడి లైసెన్సు తీసుకోవాలన్నది గుర్తుపెట్టుకో. పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక అవసరం మారితే అప్పుడు కొనుక్కుందువు గాని.

ఈ వారంలోనే మీ హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ రాయి. ఓర్కా కార్డు ఇస్తారా, చేరిన ఎన్నో రోజుకి ఇస్తారు, షటిల్ నాకు వర్తిస్తుందా, రాత్రి అవసరపడితే ఇంటికి టాక్సీ సదుపాయం ఉందా, ఆఫీసులో సైకిల్ పెట్టుకునే చోటు, స్నానాల గది ఉన్నాయా అని అడుగు. జవాబు వచ్చాక, నువ్వు చూసుకున్న రెండు మూడు అపార్టుమెంట్ల చిరునామాలు నాకు పంపు. ఏ స్టాపు దగ్గర దీపాలు లేవో, ఏ వీధి ఎగుడో నేను చూసి చెబుతాను. అప్పటిదాకా ఎవరు తొందరపెట్టినా లీజు మీద సంతకం పెట్టొద్దు.