మనం తాగే నీళ్లే కుక్కకి పెట్టొచ్చా? అది మన గ్లాసులో మూతి పెడితే?

పెట్టండి, ఏమీ కాదు. మనం తాగని నీళ్లు దానికి పెడితేనే గొడవ. మా ఇంట్లో జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది హైదరాబాద్‌లో మల్కాజిగిరి. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, మిగతాదంతా బోరు. నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చి ఏళ్లు దాటినా మా అత్తయ్యకి నల్లాలో వచ్చేదంతా మంజీరానే. మా కుక్క లడ్డూ గిన్నెలో నేను ఆర్వో నీళ్లు పోస్తే, "మనకే నీళ్లు లేక చస్తుంటే కుక్కకు ఆర్వో నీళ్లా బిడ్డా?" అనేది. ఆర్వో మెషీన్ వదిలేసే వేస్ట్ నీళ్లు ఇల్లు తుడవడానికి బకెట్లో పడతాం కదా, అవి పోసేది. అసలే మా బోరు నీళ్లకి బకెట్ల అంచున తెల్లగా పేరుకుంటుంది. ఆర్వో వదిలే నీళ్లలో ఆ ఉప్పులు ఇంకా ఎక్కువ. లడ్డూ వాసన చూసి మొహం తిప్పుకునేది. దీనికీ రుచులు కావాలట అని నవ్వుకున్నాం. మరి దాహం ఎక్కడ తీర్చుకుంటోందో ఎవరం ఆలోచించలేదు.

సెల్లార్‌లో. జులై వానలకి మోటారు పక్కన నీళ్లు వారం నిలిచాయి. నెలనెలా మెయింటెనెన్స్ వసూలు చేసే అసోసియేషన్ వాళ్లకి ఒక్క పంపు పెట్టి తోడించే తీరిక లేదు. పొద్దున్నే కిందికి దిగగానే లడ్డూ నన్ను అక్కడికే లాక్కెళ్లేది, నేను ఫోన్ చూసుకుంటూ నిలబడేదాన్ని. ఒకరోజు అన్నం ముట్టలేదు. మర్నాడు వాంతులు. మూడో రోజు కళ్లల్లో తెలుపంతా పసుపు, చిగుళ్లూ పసుపే, మూత్రం టీ డికాక్షన్ రంగు. డాక్టర్ అడిగిన మొదటి మాట, "మీ సెల్లార్‌లో ఎలుకలున్నాయా?"

రక్తపరీక్షలో లెప్టోస్పైరోసిస్ అని తేలింది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి వస్తుంది, మనుషులకూ అంటుతుంది. అందుకే దాని మూత్రం తుడిచేటప్పుడు గ్లవ్స్ వేసుకోమన్నారు. అయిదు రోజులు సెలైన్, ఆ తర్వాత యాంటీబయాటిక్ మాత్రలు. దీనికి ఏటా టీకా ఉంది, ఆ ఏడాది మర్చిపోయింది నేనే. అత్తయ్య మీద ఒక్కదాని మీదే నెట్టేస్తే బాగుండదు.

ఇంతా చేసి మిగుల్చుకున్నది ఎంతో చూడండి. మా లడ్డూ 12 కిలోలు. కిలోకి రోజుకి 60 మిల్లీలీటర్లు వేసుకున్నా ముప్పావు లీటరు దాటదు. ఎండాకాలం ఇంకాస్త. 20 లీటర్ల క్యాన్ ఒకటి దానికి దాదాపు నెల వస్తుంది!

గిన్నె మాత్రం రోజూ తోమండి. అడుగున వేలికి జిగురు తగులుతుందే, అది క్రిములు కట్టిన పొర. నీళ్లు ఏ నదివైనా ఆ గిన్నెలో పోస్తే ఒకటే. మా బ్లాక్‌లో చాలామంది పాత నీళ్లమీదే కొత్తవి పోసేస్తారు, చెబితే కోపం.

గ్లాసులో మూతి పెడితే సబ్బుతో బాగా కడిగి వాడుకోండి. మేం అలాగే వాడుకుంటున్నాం. మా ఆయన మాత్రం ఆ గ్లాసు ముట్టడు. పానీపూరీ బండి దగ్గర బకెట్లో ముంచి తీసిన గ్లాసుతో తాగడానికి ఆయనకి ఏ అభ్యంతరమూ లేదు.